రెండిండ్ల బల్బు

లైటు ఆరిపోయింది. ఆరిన తర్వాత కూడా రహీమున్నీసా కాళ్లు మిషను తొక్కుతూనే ఉన్నాయి. తెల్లచొక్కా కాలరును పట్టుకున్న ఎడమచేతి చూపుడువేలు సూది కిందికి పోయింది. సూది గోరులో దిగి విరిగింది.

"యా అల్లా!" అంది, గొంతులోనే. గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. అరిస్తే పక్కింటి చప్పుడు వినపడదు.

కరెంటు పోలేదు. తలుపు సందులోంచి ఎదురింటి యశోదమ్మ వసారాలో లైటు కనిపిస్తోంది. సరోజమ్మ ఇంట్లో రేడియో వార్తలు చదువుతోంది. చీకటైంది ఈ రెండు గదులే.

మదనపల్లెలో ఆ లైను ఇండ్లు కట్టించిన లక్ష్మీపతి ఎంత పిసినారో చెప్పడానికి ఆ బల్బు ఒక్కటి చాలు. రెండు గదుల మధ్య గోడలో, తలకంటే మూరెడు ఎత్తున, జానెడు కన్నం పెట్టించి అందులో బల్బు వేలాడదీయించాడు. ఇటు సగం వెలుతురు, అటు సగం వెలుతురు. బల్బును పంచాడు గానీ స్విచ్చిని పంచలేడు కదా. అది పక్కింట్లో, మునికృష్ణ తలుపు పక్కన ఉంది. మునిమాపున వేసేదీ ఆయనే, పడుకునేటప్పుడు ఆపేదీ ఆయనే. ఆ కన్నం వైపు కళ్లెత్తి చూడకపోవడం లైను ఇండ్లలో మర్యాద. అవతలి మాట చెవిన పడినా పడనట్టుండాలి, అవతలి పోపు ముక్కుకు తగిలినా తగలనట్టుండాలి. ఆ మర్యాదను రహీమున్నీసా ఇన్నాళ్లూ నమాజంత నిష్ఠగా పాటించింది.

చీకట్లో వేలు నోట్లో పెట్టుకుని విన్నది. బొంత దులుపుతున్నట్టు మెత్తటి చప్పుడు. తిట్టు లేదు, కేక లేదు. గాజులు ఒకసారి గలగలమన్నాయి. చెంబు దొర్లింది. తర్వాత ఏమీ లేదు. లైటు వెలిగింది.

"అమ్మా, పని మధ్యలో ఇబ్బంది పెట్టినానా? స్విచ్చి లూజుగా ఉండాది. సరిజేస్తాంటి" అన్నాడు మునికృష్ణ గోడ అవతలి నుంచి. రొప్పడం కూడా లేదు ఆ గొంతులో.

"పర్వాలేదప్పా" అంది రహీమున్నీసా.

ఆ మాట అనడం ఆమెకు కొత్త కాదు. ఈ వేసవిలో ఎన్నిసార్లు స్విచ్చి లూజయిందో అన్నిసార్లూ అంది. కాలరు మీద పడిన రక్తాన్ని చన్నీళ్లతో రుద్దుతూ కూర్చుంది. బళ్లు తెరిచే రోజులు. అంగడాయన మరకలున్న చొక్కా తీసుకోడు. రుద్దేకొద్దీ మరక పలచబడి పెద్దదైంది.

పొద్దున కొళాయి దగ్గర యశోదమ్మకూ సరోజమ్మకూ బిందె దగ్గర జగడం పడింది. ఎవరి బిందెను ఎవరు జరిపారన్నది పక్కకు పోయి, ఎవరి పుట్టింటివాళ్లు ఎలాంటివాళ్లన్న దాకా వచ్చింది. అప్పుడు మునికృష్ణ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, నుదుటిన చిన్న బొట్టు. వేరుశనగ మండీలో లెక్కలు రాసే రైటరు.

"యశోదమ్మా, మీకు పిల్లోళ్లు ఉండారు, బడికి పోవల్ల. మీరు ముందు పట్టుకోండి. సరోజమ్మా, మీ బిందె నేను మోసి పెడతాను, సరేనా?" అన్నాడు.

అన్నట్టే మోశాడు. మండీ రైటరు ఆడవాళ్ల బిందె మోస్తుంటే జగడం ఎక్కడ నిలుస్తుంది? ఇద్దరూ సిగ్గుపడి నవ్వుకున్నారు. ఆ మనిషి గొంతులో ఏముందో గానీ, లైను మొత్తానికీ ఆయన మాటే తీర్పు. తాగొచ్చిన మొగుణ్ని ఇంట్లోకి పంపేదీ ఆయనే, అత్తాకోడళ్లకు సర్దిచెప్పేదీ ఆయనే. పెట్టిపుట్టింది ఆదెమ్మ, అంటారు ఆడవాళ్లు. ఆదెమ్మ అంటే ఆయన పెళ్లాం. అప్పుడు వరసలో చివర నిలబడి ఉంది, కొంగు చెంప మీదికి లాక్కుని.

ఆయన మండీకి పోయాక ఆదెమ్మ పెరట్లో బట్టలబండ దగ్గరికి వచ్చింది. కుప్పం అవతల గుడుపల్లె పిల్ల. పెళ్లయి రెండో ఉగాది కూడా దాటలేదు.

"మిషనక్కా, వేలు సూపీ" అంది.

రహీమున్నీసా గుడ్డ విప్పి చూపించింది. గోరు నల్లబడి ఉంది.

"నా వల్లే గదా."

"నీ వల్ల యాల అవుతాది? సూది నాది, వేలు నాది."

"లైటు ఆర్పింది ఆయన" అంది ఆదెమ్మ. చీర బండ మీద వేసి సబ్బు రాస్తూ, తల ఎత్తకుండా అంది. అంత మాట వాళ్లిద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. వచ్చాక ఇక ఆగలేదు.

"వెలుతురులో సెయ్యెత్తడక్కా. ఒక్కనాడు గూడా ఎత్తలేదు. ముందు లేసి పొయ్యి స్విచ్చి ఆపుతాడు. ఆపినాక గూడా తిట్టడు. మళ్లీ లైటేసి, అన్నం పెట్టుకురా అంటాడు. నాకే ఒగోసారి అనుమానం వస్తాది, నిజంగా కొట్టినాడా, నేనే కలగన్నానా అని."

"మీ అన్నకు సెప్పు బిడ్డా. కుప్పం బస్సెక్కిపో."

"మా అన్న వచ్చిపోయినాడు గదా. లైటు కింద ఇద్దరూ కూసోని తిన్నారు. ఈయనే మా అన్నకు విసనకర్రతో విసిరినాడు. బస్సెక్కేటప్పుడు మా అన్న నాకే బుద్ధి సెప్పినాడు, ఇట్లాంటి మనిషి ఉసురు పోసుకోవద్దు పాపా అని."

చీరను బండకేసి ఒక్క దెబ్బ కొట్టింది. ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడింది. రహీమున్నీసాకు ఇన్నాళ్లూ గోడకు ఇవతల కూర్చుని తను అన్న పర్వాలేదులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"ఆ స్విచ్చి నా పక్క ఉంటేనో?" అంది.

ఆదెమ్మ చేతిలో సబ్బు జారింది. "వద్దులేక్కా" అంది. అంటూనే కళ్లెత్తి చూసింది. ఆ చూపులో వద్దు అన్నది లేదు.

"నీ మాట ఎత్తను. నా వేలి మాటే సెప్తా" అంది రహీమున్నీసా.

లక్ష్మీపతి కాపురం పుంగనూరులో. రహీమున్నీసా బురఖా వేసుకుని, వేలికి కట్టు కాస్త పెద్దదిగానే కట్టుకుని, మర్నాడు బస్సెక్కింది. ఆయన మధ్యాహ్నం నిద్రలేచేదాకా అరుగు మీద కూర్చుంది. లేచి వచ్చి, కట్టు చూసి, అద్దె తగ్గించమంటుందేమోనని ముందే మొహం ముడుచుకున్నాడు.

"ఇంతదానికి ఇంతదూరం యాల వచ్చినావు? మునికృష్ణను అడిగితే ఆయనే మార్పిస్తాడు గదా. బంగారం అట్లా మనిషి."

"బంగారమే గదప్పా. అట్లా మనిషిని మాటిమాటికీ లైటెయ్యి, లైటెయ్యి అని సతాయించేది బాగుండదనే వచ్చినా" అంది రహీమున్నీసా.

ఆయనకు ఆ మాట నచ్చింది. ఖర్చు ఆమే పెట్టుకుంటానంటే ఇంకా నచ్చింది. మార్చుకోమన్నాడు.

స్విచ్చి మార్చడానికి వచ్చిన ఘని ఆమెకు దూరపు చుట్టం. బజారులో రేడియోలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. సెలవు రోజు కాబట్టి మునికృష్ణ ఇంట్లోనే ఉన్నాడు. ఘని స్టూలెక్కి తీగ లాగుతుంటే స్టూలు కదలకుండా స్వయంగా పట్టుకున్నాడు.

"స్విచ్చి నా పక్కనుంటే ఏమి, అమ్మ పక్కనుంటే ఏమి? వెలుతురు ఇద్దరిదీ గదా" అన్నాడు గడపలో నిలబడ్డ వాళ్లందరూ వినేటట్టు. యశోదమ్మ తల ఊపింది. ఎంత మంచితనం!

పాత స్విచ్చిపెట్టె ఊడదీసిన చోట సున్నం పడని చదరం ఒకటి మిగిలింది. అందరూ వెళ్లిపోయాక మునికృష్ణ ఆ చదరాన్ని బొటనవేలితో రుద్ది చూశాడు. రహీమున్నీసా తన గుమ్మంలోంచి అది చూసి, గబుక్కున కళ్లు తిప్పుకుంది.

ఆ సాయంత్రం లైటు ఆమే వేసింది. కన్నం కింద కొత్తగా బిగించిన స్విచ్చి టక్కున పలికింది. మిషను మీద, గోడమీద, పెట్టె మీద వెలుతురు పడింది. రోజూ పడే వెలుతురే. అయినా తన చేత్తో వేసేసరికి మనసు నిండిపోయింది.

"అమ్మా, పొద్దుపోయింది. లైటు ఆపండమ్మా" అన్నాడు మునికృష్ణ భోజనాలయ్యాక.

"ఇంకా పనుండాదప్పా. బళ్లు తెరస్తాండారు గదా!"

"ఓ, అట్లనా. కానీండి, కానీండి."

పని ఉన్నంతసేపూ కుట్టింది. అయిపోయాక కూడా లైటు ఆపలేదు. గుడ్డ లేకుండానే మిషను తొక్కింది. దారం తీసేసి, ఉత్త సూదిని పైకీ కిందికీ ఆడించింది. టకటక వినపడితే పని ఉన్నట్టే కదా. కాళ్లు తిమ్మిరెక్కితే లేచి నాలుగడుగులు వేసి, మళ్లీ వచ్చి కూర్చుని తొక్కింది. అవతల గురక మొదలయ్యాక గానీ ఆపలేదు. చక్రం మీద చెయ్యి పెట్టి ఆపి, నిజంగా చొక్కాల మూట కుట్టి పారేసినంత తృప్తిగా ఒళ్లు విరుచుకుంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మిషనక్కకు ఈ ఏడు పని పడిందబ్బా, అని లైనులో అనుకున్నారు. చెల్లెలు ఖదీజా బజారు నుంచి వస్తూ ఎదురై, "ఆపా, కళ్లు గుంటలు పడినాయి. యాల అంత కష్టం?" అని అడిగింది. రహీమున్నీసా నవ్వి ఊరుకుంది. తన చేతికి వచ్చిన ఆ బిళ్లంత స్విచ్చి సంగతి ఎవరికి చెప్పుకుంటుంది?

పక్కింట్లో ఆదెమ్మ గొంతు మారింది. ఒక సాయంత్రం పాత్రలు తోముతూ ఏదో కూనిరాగం తీసింది. ఇంకోరోజు, మునికృష్ణ రాకముందు, గోడ కన్నంలోంచి ఒక గిన్నె ఇవతలికి వచ్చింది. గిన్నె వెనక ఆదెమ్మ గాజుల చెయ్యి.

"రాగిసంగటి, ఊరిబిండి. తిను అక్కా. కారంగా ఉండాది."

"ఏమే, కన్నంలో నుంచి సంగటి పంపే ధైర్యం వచ్చిందా నీకు!" అంది రహీమున్నీసా. అవతల ఆదెమ్మ పకపకా నవ్వింది. ఆ పిల్లకు అంత నవ్వు ఉందని గోడకు ఇవతల ఇన్నాళ్లున్న రహీమున్నీసాకే తెలియదు. ఊరిబిండి పచ్చడి కారానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికేనని చెప్పలేం.

మునికృష్ణ మాత్రం మారలేదు. కొళాయి దగ్గర అదే నవ్వు, అదే గొంతు. రాత్రి భోజనం కాగానే అదే మాట. "అమ్మా, లైటు ఆపండమ్మా." ఆమె అదే జవాబు. ఆయన "కానీండి" అంటాడు. ఆ తర్వాత పడుకోడు. మంచం మీద కూర్చునే ఉంటాడు. మంచం పట్టె ఒకసారి కిర్రుమంటుంది. చాలాసేపటికి మళ్లీ కిర్రుమంటుంది. రహీమున్నీసా మిషను తొక్కుతుంది. గోడకు అటు ఒకరు, ఇటు ఒకరు. మధ్యలో బల్బు చుట్టూ పురుగులు.

చొక్కాల మూట అంగడికి చేరిన రోజు సాయంత్రం మునికృష్ణ మండీ నుంచి ఆలస్యంగా వచ్చాడు. కాళ్లు కడుక్కున్న చప్పుడు, పీట వేసిన చప్పుడు, కంచం పెట్టిన చప్పుడు వరసగా వినిపించాయి. రహీమున్నీసా ఉత్తమిషను తొక్కుతోంది.

బొంత దులుపుతున్నట్టు చప్పుడైంది.

లైటు వెలుగుతోంది. వెలుగుతోంది కాబట్టి అది కాదులే అనుకుంది. నిజంగానే బొంత దులుపుతున్నారేమో అనుకుంది. గాజులు గలగలమన్నాయి. అయినా కాళ్లు ఆడిస్తూనే ఉంది, టకటక ఎక్కువైతే అది ఆగుతుందేమోనని. ఆగలేదు.

మిషను ఆపింది. ట్రంకుపెట్టెను గోడ దగ్గరికి ఈడ్చింది. ఎక్కి నిలబడి, జన్మలో చూడని ఆ కన్నంలోంచి చూసింది.

ఆదెమ్మ గోడకు ఆనుకుని, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. పెదవి చిట్లింది. తిరగబడిన కంచం పక్కన అన్నం. మునికృష్ణ బనియనుతో నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి ఆమె జుట్టులో, ఇంకో చెయ్యి పైకి లేచి ఉంది.

తల తిప్పి కన్నం వైపు చూశాడు. బల్బు వెలుతురులో ఇద్దరి కళ్లూ కలిశాయి. ఇప్పుడు దించుతాడు చెయ్యి, అనుకుంది రహీమున్నీసా. సిగ్గుతో చస్తాడు. ఇన్ని రాత్రులు తను కాళ్లు పడిపోయేట్టు తొక్కింది ఈ ఒక్క క్షణం కోసమే.

ఆయన చెయ్యి దించలేదు. మొహం కూడా మారలేదు. కొళాయి దగ్గర యశోదమ్మకు నచ్చచెప్పినప్పటి మొహమే.

"అమ్మా, పొద్దుపోయింది" అన్నాడు. "లైటు ఆపండమ్మా."

అరవాలి. వీధి తలుపు తీసి లైను మొత్తాన్నీ పిలవాలి. ఇదంతా ఆమెకు తెలుసు. నోరు తెరిచింది కూడా. కానీ ఆ గొంతు! తల్లితో మాట్లాడినట్టుండే ఆ గొంతుకు ఎదురు చెప్పడం లైనులో ఎవరికి అలవాటుంది? "ఆఁ అప్పా" అన్నది నోరు. చెయ్యి గోడమీద తడుముకుంటూ పోయింది. స్విచ్చి టక్కుమంది.

చీకట్లో పెట్టె మీద నిలబడే ఉంది. చప్పుడు ఇంకాసేపు వినబడింది. సరోజమ్మ ఇంట్లో రేడియోలో ఎవరో వ్యవసాయదారులకు సలహాలు చెబుతున్నారు.

పొద్దున కొళాయి దగ్గరికి పోకుండా ఉందామనుకుంది. నీళ్లు లేకుండా ఎలా? పోయింది. మునికృష్ణ అప్పటికే ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఎవరికో ఏదో చెబుతున్నాడు. ఆమెను చూసి పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

"రాత్రి చెప్పిన వెంటనే ఆపినారు. సంతోషమమ్మా. సుఖంగా నిద్ర పట్టింది" అన్నాడు అందరి ముందూ.

"పర్వాలేదప్పా."

ఆపుకునేలోపే వచ్చేసింది ఆ మాట. నాలుక తెగ్గోసుకుందామనిపించింది రహీమున్నీసాకు. బిందె కొళాయి కింద పెట్టి, నీళ్లు పొంగి కాళ్ల మీద పడేదాకా అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఆదెమ్మ బట్టలబండ దగ్గర దొరికింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. పెదవి వాచి, కన్ను కింద నల్లబడి ఉంది. రహీమున్నీసా దగ్గరికి పోయి గడ్డం పట్టుకోబోతే తల పక్కకు తిప్పుకుంది.

"స్విచ్చి మళ్లీ మా పక్కకే పెట్టిచ్చెయ్యి అక్కా" అంది.

"యాల బిడ్డా? రాత్రి నాకు చెయ్యీకాలూ ఆడలేదు. ఇంకోసారి..."

"ఆయన ఆర్పినన్నాళ్లూ ఎవురూ సూల్లేదులే అనుకుంటాంటి" అంది ఆదెమ్మ. గొంతులో కోపం కూడా లేదు. "రాత్రి నువ్వు సూసినావు. సూసి ఆర్పినావు."

బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది. రహీమున్నీసా బండ మీద కూలబడింది. వయసుకు తగ్గ సర్దుబాటు మాటలు నోటినిండా ఉన్నాయి గానీ, ఒక్కటీ పనికొచ్చేది కాదు. ఏడ్చింది. ఏడిస్తే ఏమవుతుంది? మొహం కడుక్కుని ఘని అంగడి దాకా పోయింది. ఏదో ఫ్యానుకు తీగ చుడుతున్న ఘని "ఏమి ఆపా, స్విచ్చి మళ్లీ పని పెట్టిందా?" అని అడిగాడు. దెబ్బ తగిలిన వేలును ఒకసారి చూసుకుని, "లేదు, బాగుండాది" అని తిరిగి వచ్చేసింది.

మునిమాపున లైటు వేసింది. మిషను మీద గుడ్డ కప్పింది.

మునికృష్ణ వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. భోజనం చేశాడు. కంచం తీసిన చప్పుడు వినిపించింది. ఎదురింట్లో యశోదమ్మ పిల్లలకు అన్నం పెడుతోంది. రహీమున్నీసా ట్రంకుపెట్టెను గోడ దగ్గరికి ఈడ్చింది. వీధి తలుపు బార్లా తెరిచింది. వచ్చి పెట్టె ఎక్కింది. ఇల్లు ఖాళీ చేయమంటారేమో, మునికృష్ణయ్య ఇంట్లోకి తొంగి చూసిందని లైనంతా మొహాన ఉమ్మేస్తారేమో అని అనిపించింది. అనిపించినా దిగలేదు.

మునికృష్ణ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆదెమ్మ మూల నిలబడి ఉంది. కన్నంలో మొహాన్ని ఆయన చూశాడు. ఆదెమ్మా చూసింది, వెంటనే తల దించుకుంది.

"అమ్మా, ఇంకా పనుండాదా? లైటు ఆపండమ్మా" అన్నాడు ఎప్పటి గొంతుతో.

"పనేమీ లేదప్పా" అంది రహీమున్నీసా. తెరిచిన తలుపులోంచి లైను చివరిదాకా వినపడేటంత గట్టిగా అంది. "సూస్తాండాను."

ఎదురింట్లో యశోదమ్మ గంటె ఆగింది. సరోజమ్మ ఇంట్లో రేడియో గొంతు తగ్గింది. మునికృష్ణ మంచం మీద నుంచి లేవలేదు. రహీమున్నీసా కన్నం అంచును రెండు చేతులా పట్టుకుంది. దెబ్బ తగిలిన వేలు సలుపుతోంది. ఈ పెట్టె మీద ఇంకెన్ని రాత్రులు నిలబడాలో ఆమెకు తెలియదు. మూలనున్న ఆదెమ్మ మాత్రం తల ఎత్తలేదు.